కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీద ఎందుకు పడుతోంది? లెన్స్ ఫోకస్ లోపాలను కనిపెట్టి సరిచేసుకునే పద్ధతి

పెళ్లికూతురి కంటి మీద ఫోకస్ పాయింట్ పెట్టారు. కెమెరా బీప్ అంది, చిన్న డబ్బా వెలిగింది, క్లిక్ చేశారు. కంప్యూటర్‌లో వేసుకుని చూస్తే చెంపస్వరాల ముత్యాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కళ్లు మాత్రం మెత్తగా ఉన్నాయి.

దీనికి మనవాళ్లు వెంటనే చెప్పే కారణం ఒక్కటే: "లెన్స్ బ్యాక్ ఫోకస్ కొడుతోందన్నా." అంటే పెట్టిన చోటుకన్నా వెనక ఫోకస్ పడుతోందని. కావచ్చు. కానీ కాకపోయే అవకాశమే ఎక్కువ. ఒకేలా కనిపించే ఈ మెత్తదనానికి కారణాలు చాలా ఉంటాయి. మెనూలో ఒక అంకె మార్చి సరిచేయగలిగేది వాటిలో ఒక్కటే. కారణం తేలకముందే మెనూలోకి వెళ్లి +7 పెట్టేస్తే, అసలు లోపం అలాగే ఉండిపోయి దాని పక్కన కొత్తది చేరుతుంది. కాబట్టి కింద చెప్పిన అంచెలను ఆ వరసలోనే చేయండి. సగం మందికి మూడో అంచె దగ్గరే సమాధానం దొరికిపోతుంది.

మొదటి అంచె: మీకున్న చోటు ఎంతో లెక్క కట్టండి

లెన్స్ కచ్చితంగా ఫోకస్ చేసేది ఒకే ఒక్క దూరంలో. దానికి కాస్త ముందూ వెనకా ఉన్నవి కూడా మన కంటికి స్పష్టంగానే అనిపిస్తాయి. ఆ మందాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటున్నాం. పోర్ట్రెయిట్ దూరాల్లో దీన్ని ఉజ్జాయింపుగా కట్టడం తేలికే. అపెర్చర్ (లెన్స్ తెరిచిన రంధ్రం) నంబర్‌ను, అంటే ఎఫ్/1.8 అయితే 1.8ను, రెండుతో హెచ్చించండి. దాన్ని పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ అయితే 0.03తో, అంతకన్నా చిన్నదైన క్రాప్ సెన్సర్ అయితే 0.02తో హెచ్చించండి. వచ్చినదాన్ని దూరం వర్గంతో హెచ్చించి, ఫోకల్ లెంగ్త్ వర్గంతో భాగించండి. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే ఉండాలి.

50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని ఫుల్ ఫ్రేమ్‌లో తీస్తే సుమారు 17 సెం.మీ. వస్తుంది. అదే లెన్స్ క్రాప్ బాడీ మీద అయితే 11.5 సెం.మీ. 85 మి.మీ. ఎఫ్/1.4తో అదే రెండు మీటర్ల దగ్గర ఫుల్ ఫ్రేమ్‌లో 4.6 సెం.మీ. మాత్రమే. అంటే ముందుకు రెండు సెంటీమీటర్ల పైచిలుకు, వెనక్కి అంతే. ముక్కు కొస నుంచి కంటికే అంతకన్నా ఎక్కువ ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ 0.03 అనే అంకె, సెన్సర్ మీద ఒక చుక్క ఎన్ని మి.మీ. దాకా పరుచుకున్నా పదునుగానే అనిపిస్తుందో చెప్పే హద్దు. అది మామూలు సైజు ప్రింటును చేతిలో పట్టుకుని చూసేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక పిక్సెల్ వెడల్పు 0.006 మి.మీ. మానిటర్ మీద 100 శాతానికి పెంచి చూసేవాళ్లకు హద్దు ఐదు రెట్లు బిగుసుకుంటుంది. అప్పుడు పైన చెప్పిన 17 సెం.మీ. కాస్తా మూడున్నర సెం.మీ. అయిపోతుంది. ఆల్బమ్‌లో దివ్యంగా ఉన్న ఫోటో కంప్యూటర్‌లో "అవుట్" అనిపిస్తే, ముందు ఎంత జూమ్‌లో చూస్తున్నారో గమనించండి.

లోపలివైపు లెక్క ఇంకా సన్నం. ఎఫ్/1.8 దగ్గర సెన్సర్ ఉండాల్సిన చోటుకు అటూ ఇటూ కలిపి ఉన్న వెసులుబాటు 0.1 మి.మీ. చిల్లర. జిరాక్స్ షాపులో వాడే ఎ4 కాగితం మందం దాదాపు అంతే. లెన్స్ మౌంటు (బాడీకి తగిలే వలయం), బాడీ మౌంటు, అద్దం, సెన్సర్, ఇవన్నీ కలిసి ఆ ఒక్క కాగితం మందంలో సర్దుకోవాలి. ఫ్యాక్టరీలో అన్నీ హద్దుల్లోనే ఉన్నా, కొద్దిగా అటున్న బాడీకి కొద్దిగా అటే ఉన్న లెన్స్ తగిలితే రెండూ కలిసి తేడా బయటపడుతుంది. అదే లెన్స్ స్నేహితుడి బాడీ మీద చక్కగా పనిచేయడానికి కారణం ఇదే.

రెండో అంచె: చెడిపోయిన ఫోటోనే సాక్ష్యం

బాగోలేని ఫోటోను వెంటనే డిలీట్ చేయకండి. కారణమేమిటో అందులోనే రాసి ఉంటుంది. పెద్దది చేసి, ఫ్రేమంతా తిరుగుతూ ఎక్కడైనా పదును ఉందా అని వెతకండి.

ఎక్కడా పదును లేకపోయి, కంట్లోని లైటు మెరుపు చుక్కలా కాకుండా గీతలా సాగి ఉంటే అది ఫోకస్ లోపం కాదు. చెయ్యి కదిలింది, లేదా మనిషి కదిలాడు. కన్ను మెత్తగా ఉండి చెవో, ముక్కో, వెనక నిలబడ్డ తోడిపెళ్లికూతురి చీర అంచో పదునుగా ఉంటే ఫోకస్ పక్కకు జరిగిందన్నమాట. ఫ్రేములో ఎడమవైపు బాగుండి కుడివైపు మెత్తబడితే అనుమానం లెన్స్ లోపలి గాజుల అమరిక మీదకు వెళ్లాలి. నడుమ బాగుండి నాలుగు అంచులూ ఒకేలా మెత్తబడితే అది వేరే సంగతి, ఏడో అంచెలో చూద్దాం. ఫోకస్ సరైన చోటే ఉండి, ఫోటో అంతటా పాలపొరలాంటి మసక కమ్మితే ముందు ఫిల్టర్ ఊడదీసి చూడండి. తర్వాత లెన్స్‌లోకి టార్చ్ వేసి ఫంగస్ ఉందేమో చూడండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో బీరువాలో దాచిన లెన్స్‌లకు ఇది మామూలే.

ఫోకస్ ముందుకు జరిగిందా వెనక్కి జరిగిందా అని తేల్చడానికి చాలామంది గమనించని గుర్తు ఒకటుంది: రంగు. పెద్ద అపెర్చర్ ఉన్న లెన్స్‌లు చాలావరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కచ్చితంగా ఒకేచోట కలపలేవు. అందువల్ల ఫోకస్ తలానికి ముందున్న మెరుపుల అంచుల్లో ఊదా గులాబీ ఛాయ, వెనక ఉన్న మెరుపుల అంచుల్లో ఆకుపచ్చ ఛాయ కనిపిస్తాయి. జడలో మల్లెపూలు, వెండి కుంకుమభరిణె, పట్టు చీర జరీ, ఇలాంటి తెల్లటి మెరుపు వస్తువుల మీద ఇది బాగా తెలుస్తుంది. కనురెప్ప వెంట్రుకల అంచున ఆకుపచ్చ కనిపిస్తోందంటే కన్ను ఫోకస్ తలానికి వెనక పడిపోయిందని, అంటే ఫోకస్ కంటికన్నా ముందు పడిందని అర్థం. దాన్నే ఫ్రంట్ ఫోకస్ అంటాం. గులాబీ కనిపిస్తే దానికి తలకిందులు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగుల అంచులు తుడిచే మీట నొక్కకముందే ఇది చూసుకోవాలి సుమా.

మూడో అంచె: చేతి పొరపాట్లను పక్కకు తీసేయండి

లెన్స్‌ను అనుమానించే ముందు నాలుగు విషయాలు సరిచూడాలి.

ఫోకస్ ఏరియా ఆటోలో ఉందా? డీఎస్‌ఎల్ఆర్‌ను (లోపల అద్దం ఉండే కెమెరాను) ఆటోకు వదిలేస్తే, అది సాధారణంగా తనకు దగ్గరగా, గీతలు స్పష్టంగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. పెళ్లి ఫోటోల్లో అది చాలాసార్లు నుదుటి మీది బాసికమో, మెడలోని పూలదండో అవుతుంది. ఒకే పాయింట్ ఎంచుకుని మీరే పెట్టండి. ఆ పాయింట్ కూడా ఏదో చూసుకోండి. కేనన్ 1500డి లాంటి బాడీల్లో తొమ్మిది పాయింట్లుంటే, నిలువు గీతలనూ అడ్డ గీతలనూ రెంటినీ చూడగల క్రాస్ టైప్ పాయింట్ నడిమిది ఒక్కటే. నికాన్ డి3500లో పదకొండుకు ఒకటి. మిగతావి ఒక దిశ గీతలనే చూస్తాయి. మసక వెలుతురులో పక్క పాయింట్‌ను నమ్ముకుంటే ఫోకస్ తడబడటం సహజం.

మీరు ఫోకస్ చేశాక కెమెరా తిప్పుతున్నారా? నడిమి పాయింట్‌తో కంటిని పట్టుకుని, సగం నొక్కి ఉంచి, ఫ్రేము మార్చి తీయడం మనలో చాలామందికి అలవాటు. కెమెరా తిరిగినప్పుడు ఫోకస్ తలం కూడా దాంతోపాటే తిరుగుతుంది. మనిషి ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉండి, మీరు కెమెరాను 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కంటికన్నా ఐదు సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. 50 మి.మీ. ఎఫ్/1.8తో ఫుల్ ఫ్రేమ్‌లో ఆ దూరంలో మీకున్న వెసులుబాటు వెనక్కీ ముందుకీ చెరో ఐదు సెంటీమీటర్ల లోపే. కాబట్టి కన్ను హద్దు దాటేసింది. చూసేవాళ్లకు ఇది అచ్చం బ్యాక్ ఫోకస్‌లాగే ఉంటుంది. ఎఫ్/5.6లో తీసేవాళ్లకు ఈ తేడా తెలియదు. ఎఫ్/2 కన్నా తెరిచి తీసేవాళ్లు మాత్రం ఈ అలవాటు మానుకుని, పాయింట్‌నే కంటి మీదకు జరుపుకోవాలి.

బీప్‌కూ క్లిక్‌కూ మధ్య ఎవరైనా కదిలారా? సింగిల్ మోడ్‌లో ఫోకస్ ఒకసారి తాళం పడితే అంతే. మీరు ఊపిరి వదిలినా, పెళ్లికొడుకు జీలకర్ర బెల్లం పెట్టడానికి ముందుకు వంగినా రెండు మూడు సెంటీమీటర్లు ఇట్టే పోతాయి. నికాన్‌లో, కదిలేవాళ్లను వెంటాడుతూ ఫోకస్ మార్చే కంటిన్యుయస్ మోడ్ పెట్టినా ఒక తిరకాసుంది. చాలా బాడీల్లో అది షాపు నుంచి వచ్చేటప్పుడే రిలీజ్ ప్రయారిటీలో ఉంటుంది. అంటే ఫోకస్ కుదిరినా కుదరకపోయినా మీట నొక్కగానే షట్టర్ పడుతుంది. సెట్టింగ్స్‌లో చూసుకుని ఫోకస్ ప్రయారిటీకి మార్చుకోండి.

షట్టర్ స్పీడ్ ఎంత? క్రాప్ బాడీ మీద 85 మి.మీ. లెన్స్‌కు 1/125 కన్నా దిగకూడదన్నది మన చెయ్యి వణుకు కోసం పెట్టుకున్న హద్దు. మనుషులు కదిలే తంతుల్లో 1/200, తలంబ్రాలకు 1/250 పైనే ఉంచండి. ఐఎస్ఓ పెరిగి నాయిజ్ వస్తే తర్వాత తగ్గించుకోవచ్చు. కదిలిన కన్నును మళ్లీ నిలబెట్టలేం.

నాలుగో అంచె: లైవ్ వ్యూతో ఒక్క నిమిషం పరీక్ష

పైవన్నీ సరిగ్గా ఉన్నా తేడా వస్తోందంటే ఇప్పుడు కెమెరా లోపలికి వెళ్దాం. డీఎస్‌ఎల్ఆర్‌లో లెన్స్ నుంచి వచ్చే కాంతిలో కొంత, పెద్ద అద్దం గుండా దూరి, దాని వెనక ఉన్న చిన్న అద్దం మీద పడి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు చేరుతుంది. ఫోటో రికార్డయ్యేది మాత్రం వెనకున్న అసలు సెన్సర్ మీద. ఫోకస్ చూసే దారి వేరు, ఫోటో పడే దారి వేరు. రెండు దారుల పొడవు సమానంగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. కెమెరా కిందపడి చిన్న అద్దం ఆనుకునే పిన్ను వెంట్రుకవాసి జరిగినా లెక్క తప్పుతుంది. అప్పుడు కెమెరా "కుదిరింది" అని నిజాయితీగానే చెబుతుంది, తన దారిలో కుదిరింది కాబట్టి.

లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు, అద్దం పైకి లేస్తుంది. ఫోకస్‌ను అసలు సెన్సర్ మీదే చూస్తుంది. కాబట్టి కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, గోడకు అంటించిన దినపత్రిక పేజీని ముందు వ్యూఫైండర్‌లో, తర్వాత లైవ్ వ్యూలో ఫోకస్ చేసి, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూడండి. లైవ్ వ్యూ ఫోటోలో అక్షరాలు చురుగ్గా ఉండి వ్యూఫైండర్ ఫోటోలో మెత్తగా ఉంటే మీ అనుమానం నిజమే, దారుల మధ్య తేడా ఉంది. అయిదో అంచెకు వెళ్లండి. రెండూ ఒకేలా బాగుంటే మూడో అంచెను మళ్లీ చదవండి. రెండూ ఒకేలా మెత్తగా ఉంటే లోపం గాజులో ఉంది, ఏడో అంచె చూడండి.

అయిదో అంచె: సరైన టార్గెట్, సరైన పరీక్ష

టేబుల్ మీద స్కేలు వాల్చి, దాని నడిమి అంకె మీద ఫోకస్ పెట్టి తీసే పరీక్ష బాగా ప్రచారంలో ఉంది. దాన్ని నేను నమ్మను. వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న డబ్బా కన్నా దాని వెనక పనిచేసే ఫోకస్ సెన్సర్ ప్రాంతం పెద్దది. వాలుగా ఉన్న స్కేలు మీద అది 12ను పట్టుకుందో 14ను పట్టుకుందో మీకు తెలియదు. టార్గెట్ నిట్టనిలువుగా, కెమెరాకు సమాంతరంగా ఉండాలి. స్కేలు దాని పక్కన వాలుగా ఉండాలి. ఫోకస్ టార్గెట్ మీద, కొలత స్కేలు మీద.

1. అట్టపెట్టె ముక్క మీద నల్లటి మందపు గీతలు, గళ్లు ఉన్న కాగితం అంటించి నిలబెట్టండి. పక్కనే స్కేలును 45 డిగ్రీల వాలుతో నిలపండి. స్కేలు మీద మీరు సున్నా అనుకున్న గుర్తు టార్గెట్ ఉన్న తలంలోనే ఉండాలి.

2. దూరం ఫోకల్ లెంగ్త్‌కు 25 నుంచి 50 రెట్లు. 50 మి.మీ. లెన్స్‌కు రెండున్నర మీటర్లు, 85కు నాలుగు మీటర్ల పైచిలుకు. ఇంతకన్నా దగ్గర నుంచి పరీక్షిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ, మీరు నిజంగా ఫోటోలు తీసే దూరానికి ఆ ఫలితం వర్తించకపోవచ్చు.

3. కెమెరా ట్రైపాడ్ మీద, లెన్స్ ఎత్తు టార్గెట్ నడిమి ఎత్తుకు సమానంగా. స్టెబిలైజేషన్ ఆఫ్. అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 100 లేదా 200, రా ఫార్మాట్, నడిమి పాయింట్ ఒక్కటే, సింగిల్ ఫోకస్ మోడ్, రెండు సెకన్ల టైమర్.

4. వెలుతురు బాగా ఉండాలి. అది ఏ వెలుతురన్నది కూడా ముఖ్యమే. పసుపు ఛాయ ఎక్కువగా ఉన్న హాలోజెన్ లైట్ల కింద కుదిరిన సవరింపు, పగటి వెలుగులో కాస్త తప్పవచ్చు. లెన్స్ ఒక్కో రంగును ఒక్కో చోట కలుపుతుంది, ఫోకస్ సెన్సర్ తనకు అందిన రంగును బట్టే లెక్క కడుతుంది. మీ పని ఎక్కువగా కల్యాణ మండపాల్లోనైతే అలాంటి లైటు కిందే పరీక్షించండి.

5. చేత్తో రింగు తిప్పి ఫోకస్‌ను అనంతానికి పంపండి. అప్పుడు ఆటోఫోకస్ చేసి ఒక ఫోటో. రింగును బాగా దగ్గరికి తిప్పి, మళ్లీ ఆటోఫోకస్ చేసి ఇంకో ఫోటో. ఇలా మార్చి మార్చి పది తీయండి. చివర్లో లైవ్ వ్యూలో పదిరెట్లు పెంచుకుని, చేత్తో ఫోకస్ చేసి ఒకటి తీయండి. పోలికకు అదే కొలబద్ద.

ఆరో అంచె: ఫలితం చదవడం, అంకె మార్చడం

పది ఫోటోల్లోనూ స్కేలు మీద ఎక్కడ అత్యంత పదునుగా ఉందో రాసుకోండి. 45 డిగ్రీల వాలు కాబట్టి స్కేలు మీది కొలతను 0.7తో హెచ్చిస్తే అసలు లోతు వస్తుంది. స్కేలు మీద రెండు సెంటీమీటర్ల తేడా అంటే నిజానికి 1.4 సెంటీమీటర్లు.

ఇక్కడే అసలు కిటుకు. తక్కెడ ఎప్పుడూ ఒకేవైపు, ఒకే కొలతలో ఒరుగుతుంటే పాసంగం కట్టి సరిచేయొచ్చు. తూచిన ప్రతిసారీ ఒక్కో వైపు ఒరిగే తక్కెడకు ఏ పాసంగమూ పనికిరాదు. మీ పది ఫోటోల్లో తొమ్మిది ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక పడితే అది పాసంగంతో పోయే జబ్బు. కొన్ని ముందు, కొన్ని వెనక, రెండు సరిగ్గా పడితే మెనూలో ఏ అంకె పెట్టినా ప్రయోజనం లేదు. అనంతం నుంచి వచ్చినప్పుడు ఒకలా, దగ్గర నుంచి వచ్చినప్పుడు ఇంకోలా పడుతున్నా అంతే. అది లెన్స్ మోటారు, గేర్లలో ఉన్న వదులు కావచ్చు, వెలుతురు చాలకపోవడం కావచ్చు, ఫోకస్ సెన్సర్ మీద దుమ్ము కావచ్చు.

ఒకేవైపు తేడా ఉందని తేలితే, కేనన్‌లో ఏఎఫ్ మైక్రోఅడ్జస్ట్‌మెంట్, నికాన్‌లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అనే మెనూ తెరవండి. రెండింట్లోనూ -20 నుంచి +20 వరకు ఉంటుంది. ఫోకస్ ముందు పడుతుంటే ప్లస్ వైపు, వెనక పడుతుంటే మైనస్ వైపు జరపాలి. ఒక్కో అంకె చొప్పున పోతూ కూర్చోవద్దు. ముందు ఐదేసి జరిపి చూసి, దాటిపోయాక వెనక్కి వచ్చి ఒకటి రెండుతో ముగించండి. ప్రతి విలువ దగ్గరా కనీసం నాలుగైదు ఫోటోలు తీస్తేనే నమ్మకం. విలువ 15 దాటితే దాన్ని సవరింపు అనుకోకుండా సర్వీసుకు ఇవ్వడమే నయం.

ఈ సదుపాయం 2007లో వచ్చిన కేనన్ 1డి మార్క్ 3, నికాన్ డి3, డి300లతో మొదలైంది. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో తిరుగుతున్నవాటిలో కేనన్ 70డి, 80డి, 90డి, 6డి, 5డి మార్క్ 3, నికాన్ డి7000 నుంచి డి7500 దాకా, డి610, డి750, డి850లలో ఉంది. కేనన్ 60డిలో లేదు, విచిత్రంగా దానికి ముందొచ్చిన 50డిలో ఉంది. కేనన్ 1500డి, 200డి, నికాన్ డి3000, డి5000 వరసల్లో లేదు. పాత బాడీ కొనేవాళ్లు ఎఫ్/1.8 లెన్స్ వాడే ఉద్దేశముంటే ఈ ఒక్క మెనూ కోసం ఇంకొంచెం డబ్బు పెట్టడం దండగ కాదు. 2016లో వచ్చిన నికాన్ డి5, డి500లలో లైవ్ వ్యూతో పోల్చుకుని కెమెరానే విలువ కట్టే ఏర్పాటు ఉంది. తర్వాత డి850, డి7500లకూ వచ్చింది. సౌకర్యమే, కానీ ఒకసారి వచ్చిన అంకెను నమ్మకుండా నాలుగైదుసార్లు చేయించి నడిమి విలువ తీసుకోండి.

జూమ్ లెన్స్‌లతో చిక్కు ఎక్కువ. 24 దగ్గర ముందు, 70 దగ్గర వెనక పడొచ్చు. 5డి మార్క్ 3 లాంటి బాడీల్లో వైడ్‌కూ టెలీకీ వేర్వేరు విలువలు పెట్టుకోవచ్చు. ఒకే విలువకు వీలున్న బాడీలైతే మీరు ఎక్కువగా వాడే కొసకు కుదర్చండి. సిగ్మా ఆర్ట్, కాంటెంపరరీ, స్పోర్ట్స్ లెన్స్‌లకు యూఎస్‌బీ డాక్ అని ఒకటి ఉంది. దాంతో నాలుగు దూరాలకు, జూమ్ అయితే నాలుగు ఫోకల్ లెంగ్త్‌లకు కలిపి పదహారు విలువలు లెన్స్‌లోనే రాసేయొచ్చు. బాడీలో మెనూ లేనివాళ్లకు ఇదొక దారి. టామ్రన్‌కు ట్యాప్-ఇన్ కన్సోల్ అలాంటిదే.

ఏడో అంచె: అంకెతో పోని లోపాలు

కొన్ని లెన్స్‌లు పూర్తిగా తెరిచినప్పుడు ఒకచోట, అపెర్చర్ మూసినప్పుడు ఇంకోచోట ఫోకస్ చేస్తాయి. గాజు అంచుల గుండా వచ్చే కిరణాలు, నడుమ గుండా వచ్చేవి ఒకే బిందువు దగ్గర కలవకపోవడమే మూలం. దీన్నే గోళీయ దోషం అంటారు. 1990లో పైకి పంపిన హబుల్ టెలిస్కోప్ అద్దం అంచును తయారీలో రెండు మైక్రాన్ల చిల్లర ఎక్కువగా అరగదీయడంతో, 1993లో వ్యోమగాములు వెళ్లి సరిచేసేదాకా మసక ఫోటోలు పంపింది కూడా ఈ దోషంతోనే. కెమెరా లెన్స్‌లో అపెర్చర్ మూస్తే అంచు కిరణాలు ఆగిపోతాయి, మిగిలినవి వేరేచోట కలుస్తాయి, ఫోకస్ సాధారణంగా కాస్త వెనక్కి జరుగుతుంది. కేనన్ ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.2ఎల్ దీనికి పేరుమోసింది, ముఖ్యంగా దగ్గర దూరాల్లో. డీఎస్‌ఎల్ఆర్ ఎప్పుడూ అపెర్చర్ తెరిచే ఫోకస్ చేస్తుంది, ఫోటో మాత్రం మీరు పెట్టిన అపెర్చర్‌లో తీస్తుంది. అందుకే ఎఫ్/1.2లో బాగుండి ఎఫ్/2.8లో చెవి మీదకు పోవడమనే వింత.

దీన్ని పట్టుకోవాలంటే అదే టార్గెట్‌ను లైవ్ వ్యూలో పూర్తి అపెర్చర్‌తో చేత్తో ఫోకస్ చేసి, రింగు ముట్టకుండా ఎఫ్/1.4, 2, 2.8, 4లలో వరసగా తీయండి. స్పష్టమైన మందం పెరగడం మామూలే. అత్యంత పదునైన చోటు స్కేలు మీద జరుగుతోందా అన్నదే చూడాలి. జరుగుతుంటే మీరు ఎక్కువగా వాడే అపెర్చర్‌కు మెనూ విలువ కుదర్చడమో, లైవ్ వ్యూలో అపెర్చర్ మూసే ఫోకస్ చేయడమో తప్ప వేరే మందు లేదు.

ఫోకస్ తలం బల్లపరుపుగా ఉంటుందని అనుకుంటాం గానీ, చాలా లెన్స్‌లలో అది గిన్నెలా వంగి ఉంటుంది. కంకర పరచిన నేలను నిలబడి, కెమెరా కిందికి వంచి, పూర్తి అపెర్చర్‌తో తీయండి. స్పష్టంగా ఉన్న రాళ్ల పట్టీ తిన్నగా పోతోందా, కొసలు మీవైపు వంగాయా, అవతలికి వంగాయా తెలిసిపోతుంది. గ్రూప్ ఫోటోలో చుట్టాలను అర్ధచంద్రాకారంలో నిలబెట్టమని అందరూ చెప్పే సలహా, కొసలు మీవైపు వంగే లెన్స్‌కే మేలు చేస్తుంది. బల్లపరుపు లెన్స్‌తో అలా నిలబెడితే అంచున ఉన్న బాబాయ్‌లు మెత్తబడతారు. ముందు కంకర ఫోటో చూసి, తర్వాత వరస నిలబెట్టండి.

ఒకవైపే మెత్తబడే లోపానికి పరీక్ష వేరు. బాగా దూరంలో, ఒకటి రెండు కిలోమీటర్లలో ఉన్న సెల్ టవర్‌ను ఎంచుకోండి. ట్రైపాడ్ మీద నడుమ పెట్టి లైవ్ వ్యూలో ఫోకస్ చేసి, ఆటోఫోకస్ ఆపేయండి. ఇప్పుడు టవర్ ఫ్రేము నాలుగు మూలలకూ వచ్చేలా కెమెరా తిప్పుతూ నాలుగు ఫోటోలు తీయండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. ఒక్క మూల మిగతావాటికన్నా బాగా మెత్తగా ఉంటే లోపలి గాజు ఒకటి పక్కకు ఒరిగింది. కొత్త లెన్స్ అయితే మార్పించుకునే గడువు దాటకముందే ఈ పరీక్ష చేసేయండి.

మిర్రర్‌లెస్ వాడేవాళ్లకు

మిర్రర్‌లెస్‌లో ఫోకస్ చూసేదీ ఫోటో తీసేదీ ఒకే సెన్సర్ కాబట్టి నాలుగు, అయిదు, ఆరు అంచెల గొడవ దాదాపు లేదు. మూడో అంచె, ఏడో అంచె మాత్రం యథాతథం. కన్నును పట్టే ఐ ఆటోఫోకస్ వచ్చాక కొత్త రకం పొరపాటు మొదలైంది. కళ్లజోడు ఉన్నవాళ్ల దగ్గర ఫ్రేము మీద, మేలిముసుగు ఉన్నచోట దాని అంచు మీద పడుతుంటుంది. తెర మీద కన్ను చుట్టూ డబ్బా కనిపించినంత మాత్రాన నమ్మకుండా, మొదటి రెండు మూడు ఫోటోలను పెంచి చూసుకోండి.

పాత లెన్స్‌లను అడాప్టర్‌తో తగిలించేవాళ్లకు ఒక లెక్క. నికాన్ ఎఫ్ మౌంటు నుంచి సెన్సర్‌కు దూరం 46.5 మి.మీ., సోనీ ఈ మౌంటుకు 18. అంటే అడాప్టర్ మందం 28.5 మి.మీ. ఉండాలి. అది 0.1 మి.మీ. ఎక్కువైతే 50 మి.మీ. లెన్స్ అనంతం గుర్తు దగ్గర పెట్టినా 25 మీటర్ల దగ్గరే ఫోకస్ ఆగిపోతుంది. ఆ భయంతో చవక అడాప్టర్లను కావాలనే కాస్త పలచగా చేస్తారు. అప్పుడు రింగు అనంతం దాటి తిరుగుతుంది, దూరాల గీతలన్నీ తప్పు చెబుతాయి. ఆటోఫోకస్ లెన్స్‌లు కూడా వేడికి లోహం సాగుతుందని అనంతం దాటి కొంచెం తిరిగేలా చేసినవే. చుక్కలను తీసేటప్పుడు రింగును చివరిదాకా తిప్పి ఆపేయకండి. మెరిసే నక్షత్రాన్ని తెర మీద పదిరెట్లు పెంచి, అది చుక్కంత అయ్యేదాకా తిప్పండి.

పక్షుల ఫోటోలు తీసేవాళ్లకు ఇంకొక్క మాట. నేలపట్టులో, పులికాట్ ఒడ్డున ఎండ ఎక్కాక దూరపు కొంగను 600 మి.మీ. లెన్స్‌తో తీస్తే ఈకలు అలల్లా కనిపిస్తాయి. నేల మీది వేడిగాలి కాంతిని వంచుతోంది, అంతే. ఏ లెన్స్, ఏ సవరింపు దాన్ని సరిచేయలేవు. పొద్దున్నే వెళ్లడం, దగ్గరికి వెళ్లడం, ఈ రెండే మార్గాలు. లెన్స్ ముందున్న చవక యూవీ ఫిల్టర్ కూడా ఇంత పొడవు లెన్స్‌ల దగ్గర ఇలాంటి మసకే తెస్తుంది. తీసేసి చూడండి.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు

అద్దం ఆనుకునే పిన్నును ఇంట్లో అలెన్ కీతో తిప్పే వీడియోలు చాలా ఉన్నాయి. ఆ పని చేయకండి. దాంతో ఒక లెన్స్‌కు కుదిరి మిగతావాటికి చెడుతుంది. పైగా పెద్ద అద్దం పిన్ను తిప్పేస్తే వ్యూఫైండర్ ఒకటి, ఫోటో ఒకటి చూపించే స్థితికి వస్తారు.

బాడీని, తేడా ఉన్న లెన్స్‌ను రెంటినీ కలిపి ఇవ్వండి. ఒక్క లెన్స్ ఇస్తే వాళ్ల బాడీ మీద పెట్టి "బాగానే ఉంది సార్" అని తిరిగిచ్చేస్తారు. అది అబద్ధం కూడా కాదు. ఇచ్చేముందు మైక్రోఅడ్జస్ట్‌మెంట్ విలువను సున్నా చేయండి. మీ పది టార్గెట్ ఫోటోల్లోంచి మూడు, లైవ్ వ్యూలో తీసినది ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టి, "రెండున్నర మీటర్ల దగ్గర, ఎఫ్/1.8లో, ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక" అని చీటీ రాసి జతచేయండి. "ఫోటోలు బాగా రావట్లేదు" అన్న ఫిర్యాదుకు, ఈ చీటీకి వర్క్‌షాప్‌లో దొరికే శ్రద్ధ వేరు. తిరిగి వచ్చాక విలువ సున్నాలోనే ఉందని చూసుకుని, అదే టార్గెట్, అదే దూరం, అదే వెలుతురులో మళ్లీ పది తీసి పాతవాటి పక్కన పెట్టండి. మీ దగ్గరున్న మిగతా లెన్స్‌లకు బాడీలో పాత విలువలు ఉంటే వాటినీ తుడిచి కొత్తగా చూసుకోవాలి. సర్వీసులో బాడీనే సరిచేసి ఉంటే ఆ పాత అంకెలన్నీ ఇప్పుడు తప్పే.